మా గానుగ నూనె కొట్టుకు పేరేం పెట్టాలి?

నమస్తే అందరికీ. మహబూబ్‌నగర్‌ మెట్టుగడ్డలో కట్టెగానుగ పెడుతున్నాం. దసరాకు ఓపెనింగ్. పల్లీలు మా నాగర్‌కర్నూల్ దిక్కు రైతుల దగ్గరే కొంటాం. నువ్వులు, కుసుమలు కూడా ఆడిస్తాం. మెషిన్ వచ్చేసింది, పేరు దగ్గరే ఆగిపోయాం. లేబుళ్లకు ఆర్డర్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. మా ఆయన 'శ్రీ వేంకటేశ్వర ఆయిల్స్' అంటున్నారు. డిగ్రీ చదివే మా బిడ్డ 'ప్యూర్ నేచర్ ఆర్గానిక్స్' అంటోంది. నాకు మాత్రం మహబూబ్‌నగర్ పాత పేరుతో 'పాలమూరు గానుగ' అనే ఉంది. ఇన్నేళ్లూ పాలమూరు అంటే వలస కూలీలే అన్నారు. ఆ పేరు ఒక మంచి సరుకు మీద చూడాలని నా ఆశ. మీరేమంటారు?

నల్లగొండ బోర్డుల తమ్ముడు:
అక్కా, నేను నల్లగొండలో బోర్డులు, లేబుళ్లు చేస్తాను. పాప చెప్పిన పేరు వద్దు. ప్యూర్, నేచర్ అని రాసిన బాటిళ్ల వరసలో మీది పెడితే ఏది మీదో మీకే దొరకదు. ఆర్గానిక్ అని ఊరికే రాసుకోవడానికి కూడా లేదు, సర్టిఫికెట్ ఉండాలి. వేంకటేశ్వర స్వామి పేరు మంచిదే, కానీ కిరాణా, మెడికల్, టిఫిన్ సెంటర్ అన్నిటికీ అదే ఉంది. దేవుడి ఫోటో కౌంటర్ మీద పెట్టుకోండి.

ఇంకోటి, బాటిల్ గుండ్రంగా ఉంటుంది కదా, ఎదురుగా చూస్తే లేబుల్‌లో సగం కూడా కనబడదు. పొడుగు పేరైతే చివరి అక్షరాలు పక్కకు తిరిగిపోతాయి. ఒత్తులు ఎక్కువుంటే వాటికి కింద జాగా వదలాలి, దాంతో అసలు అక్షరం చిన్నదైపోతుంది. ఒక ఖాళీ బాటిల్‌కు కాగితం చుట్టి, పేరు స్కెచ్ పెన్నుతో రాసి, గది అవతలి గోడ దగ్గర నిలబడి చదవండి. చదవలేకపోతే ఆ పేరు వదిలేయండి.

ట్రేడ్‌మార్క్ పని చేసే అన్న:
అమ్మా, పాలమూరు మీద మీ ప్రేమ అర్థమైంది. అయితే 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 9వ సెక్షన్ చూడండి. ఊరి పేరు, సరుకు పేరు మాత్రమే ఉన్న మార్కుకు మామూలుగా రిజిస్ట్రేషన్ దొరకదు. 'పాలమూరు' అందరిదీ, 'గానుగ' అందరిదీ. రేపు మీ నూనెకు పేరొచ్చాక పక్క వీధిలో ఒకరు 'పాలమూరు కట్టెగానుగ' అని బోర్డు పెడితే ఆపడం చాలా కష్టం.

అందుకని మీకే చెందే ఒక పేరు పైన పెద్దగా పెట్టి, దాని కింద 'పాలమూరు కట్టెగానుగ నూనెలు' అని రాయించండి. ట్రేడ్‌మార్క్ కోసం సరుకులను క్లాసులుగా విడగొట్టారు, వంట నూనెలు 29వ క్లాసులోకి వస్తాయి. ముందు ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకండి. అదే పేరే కాదు, చెవికి దగ్గరగా వినిపించేవి కూడా చూడండి. సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు ఒక క్లాసుకు 4,500 రూపాయలు, వస్తే 10 ఏళ్లు ఉంటుంది, మళ్లీ రెన్యువల్. జీఎస్టీలో, చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్ ఉద్యమ్‌లో పేరు రాయించినంత మాత్రాన ఆ పేరు మీదైపోదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

వనపర్తి కిరాణం:
మా దుకాణంలో చాలామంది నూనె పేరు చెప్పరు. "ఎర్ర మూతది ఇయ్యి", "పువ్వు బొమ్మది ఇయ్యి" అంటారు. బొమ్మ గీయగలిగే పేరు పెట్టండి. మీ దగ్గర పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు ఉంది కదా, 'ఊడలమర్రి' అంటే ఎట్లుంటది? ఊడలు దిగిన మర్రిచెట్టు బొమ్మ చూస్తే చదువు రాని ముసలమ్మ కూడా గుర్తుపడుతుంది. పిల్లలమర్రి అని నేరుగా పెట్టకండి, అది ఊరందరి పేరు.

అడిగిన వారు:
అందరికీ చాలా థ్యాంక్స్. 'ఊడలమర్రి' అని కాగితం చుట్టి చూశాం, అవతలి గోడ నుంచి బాగా కనిపించింది. మా ఆయనకూ నచ్చింది, బిడ్డ బొమ్మ గీస్తోంది. 29వ క్లాసులో ఈ రాత్రికే వెతుకుతాం. తమ్ముడూ, 'పాలమూరు' అనే మాట కింద చిన్నగా కాకుండా కొంచెం పెద్దగానే రావాలి. అర లీటరు బాటిల్ మీద ఎంత సైజు వరకు పెట్టొచ్చో చెప్పవా?