‘ఎన్‌కాంటో’లో అమ్మమ్మను అంత తేలిగ్గా క్షమించేయాలా?

ఆదివారం మలక్‌పేటలో అక్క వాళ్లింట్లో పిల్లలతో డిస్నీ యానిమేషన్ సినిమా ‘ఎన్‌కాంటో’ (2021) మళ్లీ చూశాను. అందులో ఇంటిపెద్ద అయిన అమ్మమ్మ కొడుకు బ్రూనో, ఇంట్లోవాళ్లకు దూరమై, అదే ఇంట్లో పదేళ్లు గోడల మధ్య ఎలుకలతో బతికాడు. భోజనాల గది అవతల బల్ల వేసుకుని, దానిమీద తనకో పళ్లెం బొమ్మ గీసుకున్నాడు! నా చేతిలో మిర్చి బజ్జీ అలాగే ఉండిపోయింది. చివర్లో అమ్మమ్మ ఏటి ఒడ్డున బాధపడగానే అంతా మాఫీనా?

జవాబు 1: అక్కా, ముగ్గురు పసికందులతో పారిపోతూ కళ్లముందే భర్తను పోగొట్టుకుంది ఆవిడ. ఉన్న ఇల్లూ పోతుందేమోనని భయం. మా నాయనమ్మా అంతే, మార్కులు తగ్గితే అన్నం ముందు కూర్చోబెట్టి మరీ సాధించేది. ఆవిడ మీద కోపం ఎన్నాళ్లుంటుంది చెప్పండి?

జవాబు 2: మనవరాలు మిరబెల్‌తో ‘కుటుంబం ఇలా ముక్కలవడానికి నేనే కారణం’ అని ఒప్పుకుంది కదండీ. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఆ మాట అనగా విన్నారా? నేనైతే వినలేదు.

అడిగినామెనే: మిరబెల్ సంగతి ఒప్పుకుంటా. బ్రూనో మాటేంటి? తిరిగొచ్చాక పాటలో క్షమాపణల చిట్టా విప్పేది అతనే! నాకు మింగుడుపడనిది అదే. అక్క కూతురు మాత్రం ‘కౌగిలించుకుంది కదా పిన్నీ, చాల్లే’ అని రిమోట్ లాక్కుంది.