సికిల్ సెల్ కేసు: ముందు డబ్బు ఎవరు కడతారో తేల్చుకోండి

ఎంబీఏ మొదటి ఏడాది, ఇల్లినాయ్

అన్నలకు, అక్కలకు నమస్కారం. హైదరాబాద్‌లో బీఫార్మసీ చేసి ఈ ఆగస్టులో వచ్చాను. కెల్లాగ్ బిజినెస్ స్కూల్ వాళ్ల బయోటెక్, హెల్త్‌కేర్ కేస్ కాంపిటీషన్‌కి (ఒక కంపెనీ సమస్యకి స్లైడ్లలో పరిష్కారం చెప్పే పోటీ) మా టీమ్ పేరిస్తోంది. సాధనకి క్యాస్‌జెవీ తీసుకున్నాం, అంటే సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) జీన్ థెరపీ అమ్మకాలు ఎలా పెంచాలన్న కేసు. పన్నెండు స్లైడ్లలో ఆరు క్రిస్పర్ గురించి, అంటే ఇందులో జన్యువుని కత్తిరించే పద్ధతి గురించి చెప్పడానికే సరిపోయాయి. ఏం తగ్గించాలి, ఏం చేర్చాలి?

న్యూజెర్సీ, మందుల ప్రైసింగ్ పని

తమ్ముడూ, ఆ ఆరింటినీ ఒక్క వాక్యం చేసెయ్. రోగి సొంత మూలకణాల్లో బీసీఎల్11ఏ జన్యువుని అదుపుచేసే చోట కత్తిరిస్తారు, పుట్టాక తగ్గిపోయిన ఫీటల్ హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. అంతే చాలు. ఇలాంటి పోటీల్లో జడ్జీలుగా కూర్చునేది ఎక్కువగా ఈ రంగంలో ఉన్నవాళ్లే. క్రిస్పర్ వాళ్లకి తెలుసు, మీరు కంపెనీని ఏం చెయ్యమంటున్నారో తెలియదు. అది మొదటి స్లైడ్‌లోనే రావాలి.

మన దగ్గర డబ్బా మీద ఎమ్మార్పీ చూసి రోగి జేబులోంచి కడతాడు. ఆ అలవాటుతో ఇక్కడి లెక్క వేస్తే తప్పుతుంది. క్యాస్‌జెవీకి చెప్పే 22 లక్షల డాలర్లు లిస్ట్ ప్రైస్ మాత్రమే, అంటే తగ్గింపులు తీయకముందు కంపెనీ ప్రకటించిన ధర. అమెరికాలో సికిల్ సెల్ రోగుల్లో దాదాపు సగం మంది మెడికెయిడ్ కింద ఉంటారు. తక్కువ ఆదాయం వాళ్ల కోసం కేంద్రం డబ్బు కలిపితే రాష్ట్రాలు నడిపే పథకం అది, మన ఆరోగ్యశ్రీకి కాస్త దగ్గర. మెడికేర్ ప్రధానంగా 65 దాటినవాళ్లది. ఈ రెండూ కలిపి మాట్లాడితే ప్రశ్నల్లో మొదటి నిమిషంలోనే దొరికిపోతారు.

ఇప్పుడు లెక్క. దేశంలో ఈ జబ్బు ఉన్నవాళ్లు సుమారు 1,00,000 మంది. చాలా టీములు దీన్నే ధరతో గుణించేస్తాయి. 2023 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది 12 ఏళ్లు, ఆపైన ఉండి, నొప్పి సంక్షోభాలు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకే. కంపెనీ అంచనాలో అలాంటివాళ్లు 16,000 దాకా. అందులో మొదటి ఐదేళ్లలో 10 శాతం ముందుకొస్తారనుకో (ఇది నీ ఊహ, స్లైడ్ మీద ఊహ అనే రాయి), 1,600 మంది. లిస్ట్ ప్రైస్‌లో 352 కోట్ల డాలర్లు. సగం మెడికెయిడ్, దానికి చట్టం ప్రకారం కంపెనీ తిరిగివ్వాల్సిన కనీస రిబేటు 23.1 శాతం తీసేస్తే మిగిలేది 311 కోట్లు. స్లైడ్ మీద 3.11 బిలియన్ అని రాయి. కోట్ల నుంచి బిలియన్‌కి మార్చేటప్పుడు సున్నా జారిపోవడం మనవాళ్లకి ఊరికే జరుగుతుంది, ఇద్దరు విడివిడిగా చెయ్యండి.

హ్యూస్టన్, ట్రాన్స్‌ప్లాంట్ ఫార్మసీ

ఆ 10 శాతం ఎందుకు 30 కాదో చెప్పలేకపోతే పై లెక్కంతా నిలబడదండీ. కారణం రోగి పడే ప్రయాణంలో ఉంది. ముందు ప్లెరిక్సాఫోర్ అనే మందు ఇచ్చి మూలకణాలు రక్తంలోకి రప్పించి సేకరిస్తారు. ఒక్క విడతలో చాలకపోతే మళ్లీ రమ్మంటారు. తయారీకి, పరీక్షలకి ఆరు నెలల దాకా పడుతుంది. తర్వాత బుసల్ఫాన్ అనే కీమో మందుతో ఎముక మజ్జ ఖాళీ చేసి కణాలు ఎక్కిస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలు ఆసుపత్రిలోనే. జనవరిలో సరేనన్న రోగి నుంచి ఆదాయం అదే ఏడాదిలో రాకపోవచ్చు. మీ గ్రాఫులో మొదటి ఏడాది ఆదాయం గీత నిటారుగా లేచిందంటే ఇది చూసుకోలేదని అర్థం.

బుసల్ఫాన్‌తో సంతానం కలగకుండా పోయే ప్రమాదం ఉంది. పద్నాలుగేళ్ల అమ్మాయి తల్లి ముందు అడిగేది దాని గురించే. అందుకని మార్కెటింగ్ సిబ్బందిని పెంచమనే సలహా కంటే, అండాలు, వీర్యం దాచుకునే ఖర్చు, దూరం నుంచి వచ్చే కుటుంబానికి బస, ప్రయాణం, ప్రతి చికిత్స కేంద్రంలో రోగి వెంట ఉండి కాగితాలు నడిపే మనిషి, సేకరణకి మరిన్ని పడకలు అనే సలహాయే నిలబడుతుంది. 2025లో మెడికెయిడ్ కోసం మొదలైన సెల్ అండ్ జీన్ థెరపీ యాక్సెస్ మోడల్ చదవండి. ఫలితాన్ని బట్టి చెల్లింపు, సంతాన సంరక్షణ ఖర్చు రెండూ అందులో ఉన్నాయి.

పోటీదారుని వదిలెయ్యకండి. సికిల్ సెల్‌కే ఇంకో జీన్ థెరపీ అయిన లిఫ్‌జెనియాకీ అదే రోజు అనుమతి వచ్చింది. ధర 31 లక్షల డాలర్లు, రక్త క్యాన్సర్ గురించి బాక్స్ హెచ్చరిక (లేబుల్ మీద గడి కట్టి ఇచ్చే అన్నిటికంటే గట్టి హెచ్చరిక) ఉంది.

బోస్టన్, బయోటెక్ ఫైనాన్స్

అసలు పోటీలో ఇంకా మార్కెట్‌కి రాని మందు కూడా ఇవ్వొచ్చు. అప్పుడు రిస్క్ కలిపిన ఎన్‌పీవీ కావాలి, అంటే ముందుముందు వచ్చే డబ్బుని డిస్కౌంట్ రేటుతో ఇవాళ్టి విలువకి తగ్గించి, మందు గట్టెక్కే అవకాశంతో గుణించడం. 2011–2020 పరిశ్రమ లెక్కల్లో మనుషుల మీద పరీక్షల మొదటి దశ, ఫేజ్ 1 దాటేవి 52 శాతం, ఫేజ్ 2 28.9, ఫేజ్ 3 57.8, ఎఫ్‌డీఏ అనుమతికి దరఖాస్తు దశ 90.6. నాలుగూ గుణిస్తే 7.9 శాతం. తరచూ జరిగే పొరపాటేంటంటే, ఇలా గుణించాక కూడా రిస్క్ ఎక్కువని డిస్కౌంట్ రేటు 25 శాతం పెట్టడం. ఫెయిలయ్యే రిస్కుని రెండుసార్లు కోసినట్టు అవుతుంది. 10–12 శాతం దగ్గర ఉంచి, ఎందుకో ఒక మాట రాయండి.

నిబంధనల కాగితం అందరికంటే ముందు చదవండి: స్లైడ్ల సంఖ్య, బయటివాళ్లకి ఫోన్ చెయ్యొచ్చా, ఏఐ వాడొచ్చా. బహుమతి వస్తే అది పన్ను పడే ఆదాయం. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద, పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్‌గా ఉన్నవాళ్లకి మామూలుగా 30 శాతం పట్టుకుని, పట్టుకున్నట్టు 1042-ఎస్ ఫారం ఇస్తారు. డబ్బు చేతికి రాకముందే మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒకసారి అడగండి.

ఎంబీఏ మొదటి ఏడాది, ఇల్లినాయ్

చాలా థాంక్సండీ. క్రిస్పర్ బొమ్మలు పూర్తిగా తీసెయ్యాలా?

న్యూజెర్సీ, మందుల ప్రైసింగ్ పని

తీసెయ్యకు, ఒక్కటి చివర బ్యాకప్ స్లైడ్లలో (ప్రశ్న వస్తేనే చూపించేవి) పెట్టు. దాని పక్కనే 16,000 నుంచి 1,600కి ఎలా వచ్చారో మెట్లు మెట్లుగా చూపించే స్లైడ్ ఉండాలి, ప్రశ్నలు దాని మీదే వస్తాయి. ఆ లెక్క వేసినవాళ్లే జవాబు చెప్పాలి.