నోటేషన్ లేకపోతే చేతులు ఆగిపోతున్నాయి: ఆర్గాన్ వాయించేవాళ్లు సలహా ఇవ్వండి

ప్రశ్న: నాలుగేళ్లుగా ఆర్గాన్ నేర్చుకుంటున్నాను. నోటేషన్ ముందుంటే బాగానే వాయిస్తాను. పాడేవాళ్లు "స్కేల్ కొంచెం దించండి" అన్నా, ఆరాధన మధ్యలో ఖాళీ వచ్చి "ఏదో ఒకటి వాయిస్తూ ఉండండి" అన్నా టెన్షన్ వచ్చేస్తుంది. కార్డులన్నీ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కార్డులు మనకు తెలియడం వేరు, వేళ్లకు తెలియడం వేరండి. బాగా వచ్చిన కీర్తన ఒకటి తీసుకోండి. కుడిచేత్తో ట్యూన్, ఎడమచేత్తో బేస్ (అన్నిటికంటే కింది స్వరం), అంతే. ఈ రెండూ చూడకుండా వచ్చాక మధ్య స్వరాలు మీరే నింపండి, పుస్తకంలో ఉన్నట్టే రానక్కర్లేదు. బేస్‌ను సి, ఎఫ్, జి అని కాకుండా స్కేల్‌లో ఒకటో మెట్టు, నాలుగో మెట్టు, ఐదో మెట్టు అని గుర్తుపెట్టుకుంటే స్కేల్ దించడం సులువవుతుంది.

రెండోది, నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది, 'రూల్ ఆఫ్ ది ఆక్టేవ్'. బేస్‌లో స్కేల్ ఎక్కుతుంటే ఒక్కో మెట్టు మీద ఏ కార్డు పెట్టాలో చెప్పే పద్ధతి. 1716లో ఫ్రెంచ్ సంగీతకారుడు ఫ్రాన్స్వా కాంపియాన్ దీన్ని అచ్చు వేయించాడు. సి మేజర్‌లో ఇలా వాయించండి: బేస్‌లో సి మీద సి కార్డు, డి మీద జి సెవెన్, ఇ మీద మళ్లీ సి, ఎఫ్ మీద డి మైనర్ సెవెన్, జి మీద జి, ఎ మీద ఎఫ్, బి మీద జి సెవెన్, పైన సి. రోజూ పది నిమిషాలు, వారానికో స్కేల్ చాలు. తొందరపడకండి.

ఇంకొకరి జవాబు: ఆర్గాన్‌లో కీ వదలగానే శబ్దం ఆగిపోతుంది, పియానోలోలాగా పెడల్ తొక్కి నిలబెట్టలేం. కాబట్టి వరుసగా వచ్చే రెండు కార్డుల్లోనూ ఉన్న మధ్య స్వరాన్ని ఎత్తకుండా పట్టుకోండి. ట్యూన్‌లో ఒకే స్వరం మళ్లీ వస్తే మాత్రం ఎత్తి కొట్టాలి, లేకపోతే పాడేవాళ్లకు తాళం దొరకదు. పాటలో ప్రతి పాదం చివర వాళ్లతోపాటు మీరూ ఊపిరి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండి. మరి ఖాళీ సమయంలో ఏం వాయించాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు: అప్పుడే పాడిన కీర్తనలో చివరి పాదం తీసుకోండి. దాన్ని మెల్లగా, మెత్తని ఎనిమిది అడుగుల స్టాప్ (నొక్కిన కీ స్వరాన్నే మామూలు ఎత్తులో పలికించే మీట) ఒక్కటే పెట్టి వాయించండి. తర్వాత మొదటి నాలుగు స్వరాలను మాత్రం ఒక మెట్టు పైన, మళ్లీ ఒక మెట్టు కింద వాయించండి. ఇంకా సమయముంటే కాలితో వాయించే కీల మీద ఐదో మెట్టు నొక్కి ఉంచి, పైన చేతులతో కార్డులు మారుస్తూ పోండి. ప్రార్థన చేసేవారు లేచి నిలబడగానే, సి స్కేల్‌లో అయితే జి సెవెన్, ఆ వెంటనే సి. ముగింపు ఎప్పుడైనా రెండు కార్డుల్లో దొరుకుతుందని తెలిస్తే భయం సగం పోతుంది. అందుకే ముందు ఆ ముగింపునే అన్ని స్కేళ్లలో సాధన చేయండి.

ప్రశ్న అడిగినవారు: ఈ సాయంత్రమే సి, జి, ఎఫ్‌లతో మొదలుపెడతాను. బి ఫ్లాట్ దగ్గర ఇరుక్కుంటే మళ్లీ అడుగుతాను.