స్ప్లెండర్‌లో మూడు కెంపులు మిస్సింగ్, చింతపిక్కలు పెట్టి ఆడితే తప్పా?

సిరిపురం_చిన్నోడు:
బండి కాదు గురూ, బోర్డ్ గేమ్ స్ప్లెండర్. మొన్న సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, ఇంటికొచ్చి లెక్కెడితే రత్నాల చిప్పులు (గుండ్రటి బిళ్ళలు) 40 ఉండాల్సింది 37 ఉన్నాయి, పోయినవి మూడూ ఎర్రవే, అంటే కెంపులే. సరే అని మా అమ్మ వామనగుంటల డబ్బాలోంచి మూడు చింతపిక్కలు తీసి చెల్లి నెయిల్ పాలిష్ పూసి కానిచ్చేశా. నిన్న నలుగురం కూర్చుంటే ఒకడు ఇవి పెడితే నేనాడను అని లేచి వెళ్ళిపోయాడు. తప్పు నాదా వాడిదా?

కంచరపాలెం_బావ:
నేను నిజంగానే బండి స్పేర్ల గురించనుకుని వచ్చా 😂 వాడిదే తప్పు. మన పెద్దోళ్ళు గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, గవ్వల్లేకపోతే చింతపిక్కని ఒకపక్క తెల్లగా అరగదీసి అష్టాచెమ్మా ఆడేసేవోళ్ళు, ఎవడూ లేచిపోలేదు.

గాజువాక_గేమర్:
బావా అష్టాచెమ్మా వేరు ఇది వేరు. ఈ ఆటలో సగం సరదా ఆ చిప్పు బరువులోనే ఉంది, చేతిలో టకటకలాడించుకుంటూ ఆలోచిస్తాం. పైగా ఒకే రంగువి రెండు తియ్యాలంటే ఆ దొంతరలో కనీసం నాలుగుండాలి కదా, చిప్పులైతే చూడగానే తెలుస్తుంది, పిక్కలు దొర్లిపోతుంటే ప్రతిసారీ వంగి లెక్కెట్టుకోవాలి. కంపెనీకి మెయిల్ పెట్టు, లేదా 3డి ప్రింట్ చేయించు.

పెదవాల్తేరు_అక్క:
ముందు లెక్క చూడు తమ్ముడూ. రంగుకి ఏడు, మూడు పోతే నాలుగు. ఇద్దరు ఆడితే రంగుకి నాలుగే పెట్టాలి కాబట్టి అసలు నీకేమీ పోలేదు! ముగ్గురికి ఐదు, అంటే ఒక్కటే తక్కువ. నలుగురైతేనే మూడూ కావాలి. అప్పుడు మాత్రం ఉన్నవాటితో సర్దేద్దాం అనుకోకు, కెంపులకి కరువొచ్చి ఆటే మారిపోతుంది, దానికంటే పిక్కలే నయం. ఇందులో ఎవరి దగ్గర ఏ చిప్పులున్నాయో అందరికీ కనపడుతూనే ఉంటాయి కాబట్టి మోసానికీ చోటు లేదు. అదే అజుల్ అనే ఆట అయితే నేనూ ఒప్పుకోను, 100 పలకలు సంచిలోంచి తియ్యాలి, తేడాగా ఉన్నది వేలికి తెలిసిపోతుంది. అగ్రికోలా అనే వ్యవసాయం ఆటలో కర్ర, మట్టి ముక్కలకి ఇన్నే అని పరిమితి లేదు కాబట్టి, అయిపోతే శనగలు పెట్టినా నడుస్తుంది, కానీ కంచెలు మనిషికి 15 దాటకూడదు, అగ్గిపుల్లలు పెట్టినా 15కే ఆపాలి.

గాజువాక_గేమర్:
లెక్క ఒప్పుకున్నా అక్కా. కానీ చూడ్డానికి బాగోదు కదా, అన్ని వేలు పోసి కొనేది ఎందుకు మరి.

పెదవాల్తేరు_అక్క:
ఒరిజినల్ అని మురిసిపోకు. మా ఇల్లు బీచ్‌కి దగ్గర, ఆ తేమకి నా గేముల్లో అట్ట టోకెన్లు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయాయి. 3డి ప్రింట్‌వి పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో చేసినవైతే మే నెలలో కారులో వదిలెయ్యకు, మెత్తబడి వంకర్లు పోతాయి.

కంచరపాలెం_బావ:
ఏటికొప్పాక వెళ్ళి అంకుడు కర్రతో మూడు బిళ్ళలు తీయించి ఎర్ర లక్క పూయించు, నలభైకి నలభై అవే మార్చేయాలనిపిస్తుంది నీకు.

గాజువాక_గేమర్:
అది తేలిక కర్ర బావా, మళ్ళీ బరువు దగ్గర మొదటికొచ్చాం. ఆ లావుపాటి పాత అయిదు రూపాయల బిళ్ళలు ఇంట్లో ఉంటే రెండువైపులా ఎర్ర స్టిక్కర్ వేసి చూడు, అలా అయితే నేనైనా కూర్చుంటా.

సిరిపురం_చిన్నోడు:
అప్‌డేట్: బిళ్ళలు దొరికాయి, స్టిక్కర్ వేశా, సైజు చిన్నదే గాని దొంతర నిలబడుతోంది, అలిగినోడు కూడా ఆదివారం వస్తానన్నాడు. ఇంట్లోనే గొడవ. వామనగుంటల్లో మూడు పిక్కలు తగ్గాయని అమ్మ అడిగితే ఎర్రవి తిరిగిచ్చా, రంగు పూసినవి నాకొద్దు, మామూలు పిక్కలు తెచ్చి పెట్టు అంటోంది.