పాత అంబాసిడర్ గేర్‌బాక్స్‌కి జీఎల్-4 పోయాలా, జీఎల్-5 పోయాలా?

ప్రశ్న: నాన్నగారి 1972 మార్క్ 2 అంబాసిడర్ మళ్లీ రోడ్డెక్కింది. గేర్ ఆయిల్ మార్చినప్పటి నుంచి మూడు నుంచి రెండుకి దించుతుంటే గరగరమంటోంది. షాపులో 80డబ్ల్యూ-90 జీఎల్-5 ఇచ్చారు, ఇదే ఖరీదైనది అన్నారు. ఈ బండంటే నాకు ప్రాణం, టెన్షన్‌గా ఉంది.

జవాబు: గ్రేడు (80డబ్ల్యూ-90, అంటే ఆయిల్ చిక్కదనం) సరైనదే అండీ, రకమే (జీఎల్-4, జీఎల్-5) తేడా. మీ గేర్‌బాక్స్‌లో సింక్రో రింగులు, అంటే గేరు పడే ముందు వేగాలు కలిపే రింగులు, ఇత్తడి జాతివి. రింగు గేరు మీది కోన్‌ని ఒరుసుకుని పట్టుకుంటేనే గేరు, షాఫ్టుల వేగాలు కలుస్తాయి. పళ్లు అరగకుండా ఆయిల్‌లో కలిపే గంధకం, భాస్వరం మందులు జీఎల్-5లో జీఎల్-4కి దాదాపు రెట్టింపు. దాంతో రింగుకి పట్టు దొరక్క జారిపోతుంది, గేరు గరగరమంటుంది. కొన్ని ఆయిళ్లలో ఆ గంధకం ఇత్తడిని తినేస్తుంది కూడా. ఆలస్యం చేయకుండా ఆ ఆయిల్ దించేసి, అదే గ్రేడులో జీఎల్-4 పోయండి. డబ్బాలో మిగిలిన జీఎల్-5 వెనక డిఫరెన్షియల్‌కి (వెనక చక్రాలకి శక్తి పంచే గేర్లకి) పనికొస్తుంది, అక్కడ హైపాయిడ్ పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ తిరుగుతాయి కదా, ఆ మందులు అక్కడ కావాలి.

మరో జవాబు: పైన నింపే మూత ఊడుతుందని చూసుకున్నాకే కింద డ్రెయిన్ బోల్టు విప్పండి. బండి కాసేపు తిప్పి, వేడి మీద దించండి.

అడిగినవారు: ఫస్ట్ గేరు కూడా అరుస్తోందండీ?

జవాబు: ఫస్ట్‌కి సింక్రోనే లేదు. బండి పూర్తిగా ఆగాకే వెయ్యండి.