కనకం మోగకపోతే లోహం కాదా?

లోహాలకు ధ్వనిగుణం ఉంటుంది, అలోహాలకు ఉండదు అని సైన్సు పుస్తకంలో చదివిన మా అబ్బాయి తెలుగు వాచకం తెరిచి వేమనను పట్టుకున్నాడు.

అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను
సజ్జనుండు పల్కు చల్లగాను
కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా
విశ్వదాభిరామ వినురవేమ

"కనకం మోగదంటున్నాడుగా, బంగారం అలోహమా?" అని వాడి ప్రశ్న. వేమన తరఫున ఎవరైనా మాట్లాడండి.

— మోగదని పద్యంలో ఎక్కడుందండీ? ‘మ్రోగునట్లు’లో ‘అట్లు’ మింగేస్తే వచ్చిన చిక్కు ఇది. కంచు మోగినట్టు మోగుతుందా అన్నాడు, అంతే. ఇదే భావం ఉన్న సంస్కృత సుభాషితంలో ఇంకా తేటగా ఉంది: "న సువర్ణే ధ్వనిస్తాదృక్ యాదృక్ కాంస్యే ప్రజాయతే". కంచులో పుట్టేలాంటి ధ్వని బంగారంలో పుట్టదట. అసలు ధ్వనే లేదని కాదు.

— కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి, నా వంతు. ముందుగా, కంచు మూలకమే కాదు, మిశ్రలోహం. గంటలకు పోసే కంచులో రాగి నాలుగు పాళ్ళైతే తగరం సుమారు ఒక పాలు. రాగి మెత్తన, తగరం మరీ మెత్తన. రెండూ కలిస్తే గట్టి కంచు! తగరం చేరాక పరమాణువుల వరసలు ఒకదానిమీద ఒకటి తేలిగ్గా జారలేవు. అందుకే కొట్టిన దెబ్బ కంపనమై చాలాసేపు నిలుస్తుంది. మేలిమి బంగారంలో వరసలు జారిపోతాయి, కంపనం లోపలే ఆరిపోతుంది. ఆ జారుడు వల్లనే గ్రాము బంగారాన్ని రెండు కిలోమీటర్ల తీగగా సాగదీయొచ్చు. అంటే దాని తాంతవత, దాని మౌనం ఒక చోటునుంచే వచ్చాయి. సీసం కూడా అంతే, కొడితే దబ్బుమంటుంది.

పుస్తకంలో పట్టికను నిర్వచనంగా చదవకూడదు, అవి ఆనవాళ్ళు. పాదరసం ద్రవం, సోడియాన్ని చాకుతో కోయొచ్చు, అయినా రెండూ లోహాలే. అయోడిన్ మెరుస్తుంది, గ్రాఫైట్ కరెంటును పోనిస్తుంది, అయినా అవి అలోహాల పక్షమే.

— మరి లోహాలకూ అలోహాలకూ మధ్యరకం అర్ధలోహాలు సగం మోగుతాయా మాస్టారూ? :)

— ఆంటిమొనీ వెండిలా మెరుస్తుంది, సుత్తితో కొడితే పొడైపోతుంది. అదీ వాటి వాలకం. నన్నడిగితే మోత కన్నా మంచి పరీక్ష వేడి. రాగి వేడెక్కితే విద్యుత్ వాహకత తగ్గుతుంది. సిలికాన్, జెర్మేనియం వేడెక్కితే పెరుగుతుంది. బోరాన్, ఆర్సెనిక్, టెలూరియం కూడా మామూలుగా అర్ధలోహాల జాబితాలోవే. సెలీనియం దగ్గరకొచ్చేసరికి పుస్తకానికో మాట.

— ‘అర్ధ’ అన్నంత మాత్రాన కొలిచి సగం అని కాదు. అర్ధనిమీలిత నేత్రాలంటే రెప్ప ఎంతవరకు వాలిందో ఎవరూ స్కేలు పెట్టి చూడరుగా.

— అందరికీ ధన్యవాదాలు. ‘అట్లు’ సంగతి వాడికి చెప్పాను, ఒప్పుకున్నాడు. ఇప్పుడు కొత్త ప్రశ్న: తాతయ్యది కంచుకంఠం అంటారు కదా, ఆయన అల్పుడా అని!

— కంచుకంఠం పొగడ్తేనని చెప్పండి. మైకుల్లేని రోజుల్లో పద్యనాటకం వేసేవాళ్ళకి ఆఖరి వరసదాకా వినిపించే గొంతు కావాల్సొచ్చేది. ఆ పని కనకంతో జరగదు.