సమస్యాపూరణం: కుడికిఁ దిప్పిన బండి తా నెడమ కేగు

నిర్వాహకుడు: ఇది తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం, మిగతా మూడూ మీరు పూరించాలి. కుడి, నెడ అని రెండో అక్షరాలు కలిసి ప్రాసయతి కుదిరింది. విషయం: కారుకు తగిలించిన ట్రైలరును (సమస్యలోని ‘బండి’ అదే) ఇరుకు వాకిట్లోకి వెనక్కి నడపడం. గణయతులు, అంటే లయ కొలతలూ అక్షరాల పొంతనలూ, సరిపోతే చాలదు, పద్యంలో చెప్పిన మాట స్టీరింగు దగ్గర కూడా నిజం కావాలి.

పద్యప్రియ:
కారు వెనుకను ట్రైలరుఁ గట్టి నడుప
నీడవలె వచ్చు ముందుకు నేగువేళ
వెనుకకున్ నెట్టు గడియలో వింతఁ జూడు
కుడికిఁ దిప్పిన బండి తా నెడమ కేగు

నిర్వాహకుడు: హాయిగా సాగింది. వెనక్కి వెళ్తూ స్టీరింగు కుడికి తిప్పితే కారు వెనుక భాగం కుడికి జరుగుతుంది. దానితో పాటు రెండింటినీ కలిపే కొక్కెమూ, ట్రైలరు ముక్కూ కుడికి పోతాయి. ట్రైలరు తన చక్రాల మీద తిరిగి తోకను ఎడమకు విసురుతుంది. మీరు ‘వింత’ అని ఆగారు, కారణానికి ఒక్క మాట చోటిస్తే బాగుండేది.

గీతికాభ్యాసి:
ఇరుకు వాకిట ట్రైలరు నిముడఁ జేయఁ
జక్రమునుఁ బట్టి కదలక చక్కగాను
చివరి వఱకును నిలిపినఁ జేరు నిల్లు
కుడికిఁ దిప్పిన బండి తా నెడమ కేగు

నిర్వాహకుడు: యతులన్నీ చెల్లాయి. ‘చక్కగాను’ పాదం నింపడానికి వచ్చిన మాట, అది చిన్న దోషం. పెద్ద దోషం విషయంలో ఉంది. తిప్పిన స్టీరింగును అలాగే పట్టుకుంటే కోణం పెరుగుతూనే ఉంటుంది. చివరికి కారూ ట్రైలరూ చాకు మడిచినట్లు మడుచుకుని ఒకదాని మూల మరొకదానికి తగులుతుంది. ట్రైలరు తిరగడం మొదలుకాగానే స్టీరింగును మళ్లించి, కారు ట్రైలరు వెంట పోయేట్లు చూడాలి. ఈ పద్యాన్ని నమ్మి ఎవరైనా బండి నడిపితే నష్టం జరుగుతుంది, అందుకే కటువుగా చెబుతున్నాను. రెండు, మూడు పాదాలు ఇలా మార్చి చూడండి:
మలుపు మొదలైన వెంటనే మఱలఁ దిప్పి
యనుసరించుము కోణమ్ము నణచిపట్టి

గీతికాభ్యాసి: సవరణ శిరోధార్యం. ‘పొట్టి ట్రైలరు తొందరగా తిరుగును’ అని ఒక పాదం అనుకున్నాను, కుదురుతుందా?

నిర్వాహకుడు: ‘తొందరగా’లోని ‘గా’ దగ్గర యతిభంగం. ‘పొట్టి ట్రైలరు త్వరపడుఁ బొడుగు కంటె’ అంటే సరిపోతుంది. మాట మాత్రం నిజమే. పొట్టిది చిటికెలో అడ్డం తిరుగుతుంది, పొడుగుది నిదానంగా స్పందించి దిద్దుకునే వ్యవధి ఇస్తుంది.

రథచోదక:
చేయి చక్రమ్ము దిగువనఁ జేర్చి నడుపు
చేయి యేవంకఁ బోవునో చేరు నటకె
భ్రమ తొలంగును పైచేతి భావనందె
కుడికిఁ దిప్పిన బండి తా నెడమ కేగు

నిర్వాహకుడు: ఆర్యా, మనసు నిండింది! స్టీరింగు పైభాగం కుడికి పోతే అడుగుభాగం ఎడమకు పోతుంది. అడుగున చేయి వేసినవాడికి చేయీ ట్రైలరూ ఒకే వైపు కదులుతాయి. సమస్యలోని వైరుధ్యాన్ని ‘పైచేతి భావనందె’ అన్న రెండు మాటలు విప్పేశాయి. ‘చేయి’ రెండు పాదాల మొదట్లో వచ్చినా నాకు అడ్డు అనిపించలేదు.

పద్యప్రియ: మరో దారి ప్రయత్నించాను.
ఎదుట నిలుచుండి సైగతో హితుఁడు చూప
నతని కుడిచేయి యెడమయే యగును నాకు
మాటలందున నీ గుట్టు మఱవరాదు
కుడికిఁ దిప్పిన బండి తా నెడమ కేగు

రథచోదక: సాయపడే మనిషి సాధారణంగా ట్రైలరు వెనుక మూలన నిలబడి దాన్నే చూస్తాడు. అప్పుడు ఇద్దరి ముఖాలూ ఒకే దిక్కుకు ఉంటాయి కనుక అతని కుడి నాకూ కుడే అవుతుంది.

నిర్వాహకుడు: అవును, ‘ఎదుట’ అన్న మాటే ఈ పూరణను కాపాడింది. అసలు పనిలో కుడి ఎడమలు వదిలి ‘డ్రైవరు వైపు’, ‘అవతలి వైపు’ అనుకోవడం మేలు. ఆ మనిషి పక్క అద్దంలో కనబడకపోతే బండి ఆపాలి.

గీతికాభ్యాసి:
తప్పు దొరలిన ముందుకుఁ దరలి మరల
సరళరేఖగఁ జేసియే సాగు వెనుక
దిగి కనుము గోడ కొమ్మల దిక్కు లెల్ల
కుడికిఁ దిప్పిన బండి తా నెడమ కేగు

నిర్వాహకుడు: మూడో పాదం కోసమే ఉదయం నుంచి ఎదురుచూస్తున్నాను. పైకప్పుకు తగిలే కొమ్మ ఏ అద్దంలోనూ కనబడదు, దిగి చూడవలసిందే. ముందుకు తీసి సరిచేసుకోవడం ఓటమి కాదని మొదటి రెండు పాదాలు చెప్పాయి. అయితే మూడో పాదానికీ సమస్యకూ నడుమ ‘ఏలన’ వంటి మాట లేక అన్వయం తెగింది. అది అతికించి మళ్లీ పంపండి, నేటి పూరణలలో దీన్ని రథచోదక గారి పద్యం పక్కన ఉంచుతాను.